భాగస్వామ్యం, కంపెనీ, అప్పుల బాధ్యత

కొవ్వూరు అరటికి పేరుపొందిన ప్రాంతం. ‘కొవ్వూరు బొంత’ అనే కూర అరటి రకానికి ఆ ఊరి పేరే ఉన్నది. అచట ఇద్దరు యువకులు అరటి చిప్సు తయారుచేసే సంస్థను నెలకొల్పదలచారనుకుందాం. ఒకరి వద్ద సొమ్మున్నది, రెండవవారి వద్ద పనితనమున్నది. 1932 చట్టం క్రింద భాగస్వామ్య సంస్థ, 2008 చట్టం క్రింద పరిమిత బాధ్యత భాగస్వామ్యం, 2013 చట్టం క్రింద ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ - వీటిలో ఏది ఎంచుకోవాలి?

ఇట్టి జోడీ ఫుఖహాలకు కొత్తది కాదు. ఒకరి ధనం, మరొకరి శ్రమ కలిస్తే అది ముజారబత్. లాభాన్ని ముందుగా ఒప్పుకున్న వంతున పంచుకుంటారు. నష్టం వస్తే ఒకరి ధనం, రెండవవారి శ్రమ పోతాయి. నిర్లక్ష్యమో, షరతుల ఉల్లంఘనో ఉంటే తప్ప శ్రమించినవానిపై ధననష్టం పడదు. ఇరువురూ ధనం పెట్టిన షిర్కత్‌లో నష్టం పెట్టుబడి వంతునే భరించాలి. దస్తావేజులో ఏమీ వ్రాయకుంటే మాత్రం 1932 చట్టం లాభనష్టాలను సమానంగా పంచుతుంది. లక్ష పెట్టినవారూ, పాతికవేలు పెట్టినవారూ నష్టాన్ని చెరిసగం మోయాలన్నమాట! కనుక షరతులు వ్రాతలో ఉండితీరాలి. నమూనా దస్తావేజులలో పెట్టుబడిపై నూటికి 12 వంతున వడ్డీ అనే వాక్యం తరచు కనిపిస్తుంది. చదవకుండా సంతకం చేసేవారే ఎక్కువ. లాభంతో నిమిత్తం లేని ఆ రాబడిని షరీఅత్ అంగీకరించదు. దానిని కొట్టివేయించడానికి చట్టం అడ్డురాదు.

అసలు చిక్కు అప్పుల విషయంలో ఉన్నది. భాగస్వామ్య సంస్థ అప్పుకు భాగస్వాముల సొంత ఇల్లు, పొలం కూడా జవాబుదారీయే. కంపెనీలో వాటా సొమ్ముతో బాధ్యత తీరిపోతుంది. రుణగ్రస్తుని జనాజా తెచ్చినప్పుడు, అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తనపై వేసుకునేవరకు మహాప్రవక్త (సల్లం) నమాజు చేయించలేదని హదీసు. అట్టి ధర్మంలో పరిమిత బాధ్యతకు చోటున్నదా?

1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫికహ్ అకాడమీ ఉన్నదన్నది. బాధ్యత పరిమితమని లావాదేవీలు చేసేవారికి ముందే తెలుసు కనుక మోసం లేదని దాని వాదం. మౌలానా ముహమ్మద్ తఖీ ఉస్మానీ ఈ వెసులుబాటును ప్రజలకు వాటాలు అమ్మే పెద్ద కంపెనీలకే పరిమితం చేశారు. 1947లో తణుకులో స్థాపితమై కొవ్వూరులోనూ కర్మాగారం నడుపుతున్న ఆంధ్రా షుగర్స్ వంటి వాటిలో వాటాదారులు అనేకులు. రోజువారీ లెక్కలు వారి ఎరుకలో ఉండవు. ముజారబత్‌లో ధనమిచ్చినవాని బాధ్యత కూడా ఆ ధనంతోనే ఆగుతుంది. కాని ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే సంస్థలో ప్రతి పైసా వారికి తెలుసు. తెలిసి చేసిన అప్పును కంపెనీపై తోసి తప్పుకోవడం తగదన్నది ఉస్మానీగారి అభిప్రాయం. కొవ్వూరు యువకుల విషయానికి ఇదే దగ్గరగా ఉన్నది.

కంపెనీగా రిజిస్టరు కావడమే పాపమని దీని అర్థం కాదు. ఆస్తి చాలనప్పుడు చట్టం చూపే తలుపు గుండా యజమాని బయటపడతాడా, సొంత సొమ్ముతో తీరుస్తాడా అన్నదే ప్రశ్న. అకాడమీ చెప్పిన ఆ ‘ముందే తెలిసి ఉండడం’ కూడా పరిశీలించదగినది. బ్యాంకుకు తెలుసు. అందుకే చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు డైరెక్టర్ల సొంత హామీ అడుగుతుంది. అరటి గెలలు అరువుకు దించిన రైతుకు బిల్లు మీది ‘లిమిటెడ్’ అనే మాటకు అర్థం ఎవరు చెప్పారు?