వెడల్పాటి తెర: అంగుళాలు చెప్పని సంగతులు



కంప్యూటర్ మానిటర్లలో ‘అల్ట్రావైడ్’ అనే వెడల్పాటి రకం ఇప్పుడు తక్కువ ధరల్లో కూడా దొరుకుతోంది. ఒక పక్క పాఠం, మరో పక్క నోట్సు తెరచి ఉంచుకోవచ్చుననేది దీని ఆకర్షణ. అయితే ఇది ఇంట్లో కూడబెట్టిన సొమ్ముతో కొనే వస్తువు. కొన్నాక ఏళ్ల తరబడి రోజూ మన కళ్ళు దానిమీదనే ఉంటాయి. కొనేముందు దానిని ఎలా పరీక్షించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక పోలిక. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. భారతీయ రైల్వేలకు ఈ కర్మాగారం పట్టాలు అందిస్తుంది. అక్కడ 130 మీటర్ల పొడవైన పట్టాలు కూడా తయారవుతాయి. కాని పొడవు ఒక్కటే చెబితే పట్టా గురించి పూర్తిగా తెలియదు. మీటరుకు 52 కిలోలా, 60 కిలోలా అన్నది కూడా తెలియాలి. మానిటర్ విషయంలోనూ అంతే. పెట్టెమీద ముద్రించిన అంగుళాల అంకె ఒక్కటే చాలదు.

ఆ అంకె తెర వెడల్పు కాదు, ఎత్తూ కాదు, అది కర్ణం. మామూలు తెరలో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. అల్ట్రావైడ్‌ను 21:9 అంటారు. 2560 × 1080 పిక్సెళ్ళ తెరలో ఈ నిష్పత్తి నిజానికి 2.37. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 29 అంగుళాల అల్ట్రావైడ్ వెడల్పు 26.7 అంగుళాలు, ఎత్తు 11.3 అంగుళాలు. 23 అంగుళాల మామూలు తెర ఎత్తు కూడా 11.3 అంగుళాలే! అంటే మనకు అదనంగా దక్కేది పక్కకు 6.7 అంగుళాలు మాత్రమే. వైశాల్యం చూసినా, 29 అంగుళాల మామూలు తెర 359 చదరపు అంగుళాలైతే, అల్ట్రావైడ్ 301 మాత్రమే. ఇదే విధంగా 34 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు 27 అంగుళాల మామూలు తెర ఎత్తుతో సమానం.

రెండవ అంశం స్పష్టత. వెడల్పులోని పిక్సెళ్ళను వెడల్పు అంగుళాలతో భాగిస్తే అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళో తెలుస్తుంది. 2560 పిక్సెళ్ళు 29 అంగుళాల తెరలో ఉంటే అంగుళానికి 96 వస్తాయి. అవే పిక్సెళ్ళను 34 అంగుళాల తెరకు పరిస్తే 82 మాత్రమే. 3440 × 1440 రకం 34 అంగుళాల తెరలో 110 ఉంటాయి. చవకగా దొరికే ‘పెద్ద’ తెర తరచు ఈ 82 రకమే. అందులో ఒక్కో పిక్సెల్ 0.31 మిల్లీమీటర్లు. మంచి చూపు గల కన్ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి సుమారు 0.17 మిల్లీమీటర్ల వివరాన్ని గుర్తించగలదు. కనుక అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపించవచ్చు. తెలుగు అక్షరాలు దాదాపు అన్నీ వంపులే. పైగా కింద చిన్న ఒత్తులు. తెలుగు చదివేవారికి ఈ లోపం మరింత తెలుస్తుంది.

మూడవది చూపు కోణం. 60 సెంటీమీటర్ల దూరంలో తెర మధ్యకు ఎదురుగా కూర్చుంటే, 29 అంగుళాల అల్ట్రావైడ్ అంచును మన కన్ను సుమారు 30 డిగ్రీల వాలుగా చూస్తుంది. టి.ఎన్. రకం ప్యానెల్‌లో ఇలా వాలుగా చూసినప్పుడు రంగులు మారతాయి. ఐ.పి.ఎస్. రకంలో ఈ మార్పు చాలా తక్కువ. వి.ఎ. రకంలో నలుపు గాఢంగా ఉంటుంది కాని, కోణం విషయంలో అది ఐ.పి.ఎస్. కంటే వెనుకబడుతుంది.

సినిమాల మాటేమిటి? 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ వంటి సినిమాస్కోప్ చిత్రాలు ఈ తెరను దాదాపు నింపుతాయి. 16:9లో తీసిన పాఠాల వీడియోలు మాత్రం నాలుగింట మూడు వంతులే ఆక్రమిస్తాయి. మిగిలిన పావు తెర రెండు పక్కలా నల్లగా ఉంటుంది.

భిలాయ్ సివిక్ సెంటర్‌లో కొన్నా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నా చేయవలసిన పరీక్ష ఒకటే. ఇంట్లో మీ బల్ల వెడల్పు, లోతు కొలుచుకుని వెళ్ళండి. దుకాణంలో తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చోండి. చిన్న అక్షరాల్లో ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ అని రాయించి ఒత్తులు విడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. తెరంతా తెలుపు చేయించి, అంచులు మధ్యభాగంతో పోలిస్తే మసకబారాయేమో గమనించండి. స్టాండ్ ఎత్తు మారుతుందో లేదో చూడండి. మీ పాత కంప్యూటర్ ఆ తెర పూర్తి రెజల్యూషన్‌ను ఇవ్వగలదో లేదో అడిగి తెలుసుకోండి. ఇవ్వలేకపోతే బొమ్మ సాగినట్టుగానో, మసకగానో వస్తుంది.

రెండు పత్రాలు పక్కపక్కన పెట్టుకునేవారికి, పెద్ద లెక్కల పట్టికలతో పనిచేసేవారికి అల్ట్రావైడ్ నిజంగా ఉపయోగం. పొడవైన పేజీలు పైనుంచి కిందికి చదివేవారికి ఎత్తు ముఖ్యం. వారికి మంచి మామూలు తెర చాలు.

అభ్యాసం: మీ పాఠశాలలోని ఒక మానిటర్ వెడల్పు, ఎత్తు స్కేలుతో కొలవండి. కర్ణం లెక్కగట్టి, దాని పెట్టెమీది అంకెతో సరిచూడండి. అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయో కనుక్కోండి.