గుండె ఆగాక కూడా ఊపిరితిత్తులు పనికొస్తాయా?

అవయవదానం మాట వచ్చిన ప్రతిసారీ మన సంఘాల్లో ఒక ప్రశ్న వినబడుతుంది: ‘గుండే ఆగిపోయాక కళ్లు తప్ప ఇవ్వడానికి ఇంకేముంటుంది?’ ఊపిరితిత్తులు ఉంటాయి. ఈ సంగతి తెలిసినవారు తక్కువ గనుక కొంచెం వివరంగా చెబుతున్నాం.

మూత్రపిండాలకైనా కాలేయానికైనా ఆక్సిజన్ రక్తం ద్వారానే అందాలి. గుండె ఆగగానే అవి ఆకలితో అలమటించడం మొదలుపెడతాయి. ఊపిరితిత్తుల సంగతి వేరు. వాటి గాలిగదుల్లో నిలిచి ఉన్న గాలి నుంచే అక్కడి కణాలు నేరుగా ఆక్సిజన్ తీసుకోగలవు. అందుకే అవి ముడుచుకుపోకుండా గాలితో నింపి చల్లబరచగలిగితే, గుండె ఆగిన తరువాత కూడా సుమారు గంట వరకు పనికొచ్చే స్థితిలో ఉంటాయి.

ఇది కొత్త వింతేమీ కాదు. 1963లో అమెరికాలోని జాక్సన్‌లో డాక్టర్ జేమ్స్ హార్డీ మనిషికి చేసిన మొదటి ఊపిరితిత్తి మార్పిడికి దాత గుండె ఆగి చనిపోయిన వ్యక్తే. మెదడు మరణానికి వైద్యుల నిర్వచనం 1968లో గాని రాలేదు. 2000లో స్వీడన్‌లోని లుండ్‌లో స్టిగ్ స్టీన్ బృందం, గుండెపోటుతో పోయిన ఒకాయన కుటుంబం అనుమతి తీసుకున్నాకే, ఛాతీలోకి చల్లని ద్రవం పంపి ఊపిరితిత్తులను కాపాడింది. తరువాత వాటిని బయటకు తీసి, యంత్రంపై పరీక్షించి, ఒక రోగికి అమర్చింది. ఇప్పుడు టొరంటో వైద్యులు మంచుపెట్టె చలికన్నా 10 డిగ్రీల దగ్గర ఉంచితే ఊపిరితిత్తులు ఎక్కువసేపు నిలుస్తాయని చూపించారు. అర్ధరాత్రి హడావుడిగా ఆపరేషన్ చేయనక్కరలేదంటే అది చిన్న మేలు కాదు.

మన పాతబస్తీ అంచున, మూసీ ఒడ్డున, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న అఫ్జల్‌గంజ్‌లోనే ఒకప్పుడు ఊపిరి, గుండెల మీద పెద్ద వాదం నడిచింది. క్లోరోఫారం ఇచ్చినప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా? దాన్ని తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ కమిషన్లు నడిపారు. ముందు ఆగేది ఊపిరేనని వారు తీర్పు చెప్పారు. గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదని తరువాతి పరిశోధన తేల్చింది.

మరణం ఎప్పుడు సంభవించిందన్నదే ఇప్పటికీ అసలు చిక్కు. 1994 చట్టం మెదడు మరణాన్నీ, గుండె–ఊపిరి ఆగిన మరణాన్నీ రెండింటినీ గుర్తించింది. అయినా 2013లో మొదలైన మన జీవన్‌దాన్ కింద జరిగేవి ప్రధానంగా మెదడు మరణం తరువాతి దానాలే. వెంటిలేటర్ తీసేయడంపై సుప్రీంకోర్టు 2018లో దారి చూపి, 2023లో దాన్ని సులభం చేసింది. ఆ దారి ఇంకా కొత్తదే. ‘అవయవాల కోసమే వైద్యం ఆపేశారు’ అన్న అనుమానం బీదవారి ఇళ్లలో పుడితే వారిని తప్పుపట్టలేం. అందుకే వైద్యం ఆపాలన్న నిర్ణయం దానం మాట ఎత్తకముందే, వేరుగా జరగాలి. మరణం ప్రకటించే డాక్టరుకు మార్పిడి బృందంతో సంబంధం ఉండకూడదు. బ్రిటన్‌లో గుండె ఆగాక ఐదు నిమిషాలు కదలకుండా కనిపెట్టి చూస్తారు. ఆ ఐదు నిమిషాల విషయంలో మేము రాజీ పడం.

పునరుత్థాన దినాన దేహం లోపంతో లేస్తుందేమోనని కొందరు విశ్వాసులు భయపడతారు. మంటినుంచి ఆదామును చేసి ఊపిరి ఊదిన దేవునికి అది కష్టమని మేము అనుకోం. దేహాన్ని కుట్టి, సమాధికి తగినట్టుగానే అప్పగిస్తారు.

ఇంట్లో పోయినవారి నుంచి ఊపిరితిత్తులు తీసుకోవడం సాధ్యం కాదు. ఆసుపత్రిలో, సిద్ధంగా ఉన్న బృందం చేతుల్లోనే అది జరగాలి. అక్కడ చేతిలో ఉండేది ఒక్క గంట. ఆ గంటలో వైద్యులు అడిగేది దగ్గరి బంధువులనే. దానానికి ఒప్పుకున్నట్టు కార్డు ఉన్నా, భార్యకో కొడుకుకో ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.