తేనెటీగతో కుట్టించుకుంటే నొప్పి పోతుందా? విషం లెక్కలు

నొప్పి మీద పరిశోధన చేయాలంటే ముందు నొప్పి పుట్టించాలి. అందుకు 1996లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లారివియర్, రోనాల్డ్ మెల్జాక్ ఒక కొత్త పద్ధతి చెప్పారు. ఎలుక పాదంలో చర్మం కింద తేనెటీగ విషం కాస్త ఎక్కిస్తే చాలు. పాదం వాస్తుంది, నొప్పి చాలాసేపు నిలకడగా ఉంటుంది, ఎంతసేపన్నది మోతాదును బట్టి. మెల్జాక్ ఆషామాషీ మనిషి కాదు. నొప్పి సంకేతాలు వెన్నుపాములో ఎలా అదుపవుతాయో వివరించిన 1965 నాటి 'గేట్ కంట్రోల్' సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ఇద్దరిలో ఆయన ఒకరు. అప్పటినుంచీ ప్రయోగశాలల్లో తేనెటీగ విషం నొప్పి పుట్టించే సాధనం. ప్రయోగశాల గేటు దాటితే అదే విషం నొప్పి తగ్గించే మందు.

ఇందులో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలనేమీ లేదు. అయితే ఎంత, ఎక్కడ, ఎవరికి అన్న మూడు ప్రశ్నలు దాటవేసి 'ప్రకృతి వైద్యం' అనేస్తే మాత్రం కుదరదు. ముందు 'ఎంత' సంగతి చూద్దాం.

ఒక ఈగ కుట్టినప్పుడు ఒంట్లోకి దిగే విషం, నీరు తీసేసి లెక్కిస్తే, సుమారు 50 నుంచి 140 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. సగటున వంద వేసుకున్నా ఒక్క గ్రాము పొడి విషానికి పదివేల ఈగలు కావాలి. దాన్ని సేకరించే పద్ధతి తమాషాగా ఉంటుంది. గాజుపలక మీద సన్నటి తీగలు పరిచి కొద్దిపాటి కరెంటు పారిస్తారు. ఈగలు చిరాకుపడి పలకను కుడతాయి. గాజులో ముల్లు ఇరుక్కోదు గనక చావవు. ఆరిపోయిన విషాన్ని బ్లేడుతో గీకి తీస్తారు. ఇంజెక్షన్లకి, క్రీములకి వాడేది ఈ పొడే. నేరుగా ఈగను పట్టి కుట్టించే వైద్యంలో ఈ తూకం ఉండదు. ముల్లు దిగిన 20 సెకన్లలో 90 శాతం విషం ఎక్కేస్తుంది, నిమిషంలో సంచి ఖాళీ అవుతుంది. ఏ ఈగలో ఎంత ఉందో, ముల్లును ఎన్నో సెకనులో లాగారో దాన్నిబట్టి మోతాదు మారిపోతుంది. పారాసిటమాల్ మాత్రలో ఒకరోజు 500 మిల్లీగ్రాములు, మరోరోజు 1400 ఉంటే ఆ కంపెనీని మనం ఊరికే వదిలేస్తామా?

ఆ పొడిలో దాదాపు సగం మెలిటిన్. 26 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. కణాల పొరకు చిల్లులు పెట్టేది ఇదే, చుర్రుమనిపించడంలో ప్రధాన పాత్రా దీనిదే. ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము 10 నుంచి 12 శాతం ఉంటుంది. అలర్జీ తెచ్చిపెట్టడంలో దీనిదే ముందు వరస. నరాల మీద పనిచేసే అపామిన్ రెండు మూడు శాతం. ఇక అడోలపిన్ అనేది ఒక్క శాతం. ఆస్పిరిన్ అడ్డుకునే ఎంజైమునే ఇదీ అడ్డుకుంటుంది. వాపు తగ్గించే గుణం గురించి మాట్లాడేవాళ్లు ఈ ఒక్క శాతాన్ని గట్టిగా చెప్పి, మిగతా తొంభై తొమ్మిదిని మెల్లగా దాటిపోతుంటారు.

మెలిటిన్ వైపూ ఒక వాదన ఉంది. కణంలో వాపు ప్రక్రియను రగిలించే ఎన్ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్ జట్టును అది పట్టుకుని ఆపుతుందని 2004లో కొరియా పరిశోధకులు చూపించారు. ఆసక్తికరమైన పనే, కాకపోతే ఆ రుజువు కణాల మీద, ఎలుకల మీద. మనిషి మోకాలి లోపల అదే జరుగుతోందనడానికి ఇంకా చాలా దూరం ఉంది. మరో వివరణ దీనికన్నా సాదాది. ఒకచోట నొప్పి పెడితే ఇంకోచోటి నొప్పి కాసేపు మందగిస్తుంది, నాడీ వ్యవస్థకు ఆ గుణం ఉంది. అదొక్కటే కారణమైతే పలకరించాల్సింది ఈగనే కానక్కర్లేదు, చురుక్కుమనే ఏదైనా సరిపోతుంది.

ఎక్కడ కుట్టించుకోవాలో తేల్చడానికి కాకపోయినా, ఎక్కడ కుడితే ఎంత నొప్పో తేల్చడానికి ఒక శాస్త్రవేత్త నడుం కట్టాడు. అమెరికాలో మైఖేల్ స్మిత్ అనే పరిశోధక విద్యార్థి తన ఒంటి మీద 25 చోట్ల, ఒక్కోచోట మూడేసిసార్లు తేనెటీగలతో కుట్టించుకుని, పదికి మార్కులు వేసుకుని 2014లో ప్రచురించాడు. ముక్కుపుటానికి 9, పై పెదవికి 8.7. మాడు, కాలి మధ్యవేలు, జబ్బ తలా 2.3తో బతికిపోయాయి.

ఇక మనుషుల మీద జరిగిన పరీక్షలకి వద్దాం. కండరాల, కీళ్ల నొప్పులకు విషాన్ని ఆక్యుపంక్చర్ బిందువుల్లో ఎక్కించే పద్ధతి కొరియాలో బాగా వాడుకలో ఉంది. 2008లో ఒక సమీక్ష అలాంటి 11 పరీక్షలను పరిశీలించింది. అందులో ఒకదానితో ఒకటి కలిపి లెక్కించడానికి వీలైనవి నాలుగు, నాలుగింటిలో కలిపి మనుషులు 112 మంది. నొప్పిని 100 మిల్లీమీటర్ల గీత మీద గుర్తించమంటే, ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకన్నా విషం తీసుకున్నవాళ్లు 14 మిల్లీమీటర్లు తక్కువ పెట్టారు. తీసిపారేసే తేడా కాదు. కానీ ఉప్పునీరు కుట్టదు, ఎర్రబారదు, దురద పెట్టదు. తనకు పడింది ఏ సూదో రోగికి ఇట్టే తెలిసిపోతుంది. అసలు మందే పడిందని తెలిస్తే ఆ నమ్మకం కూడా గీత మీద కొన్ని మిల్లీమీటర్లు జరుపుతుంది. ఆ 14లో విషం వాటా ఎంత, నమ్మకం వాటా ఎంత అన్నది ఈ పద్ధతిలో విడదీయలేం.

ఈ చిక్కును గుర్తించిన పరీక్ష ఒకటుంది. మోకాళ్ల అరుగుదల ఉన్న మూడున్నర వందల మందికి పైగా రోగులతో అమెరికాలో జరిగి, 2019లో ప్రచురితమైంది. పోలిక కోసం ఉప్పునీటికి బదులు హిస్టమిన్ వాడారు, అదీ కుడుతుంది, అదీ ఎర్రబారుస్తుంది. 12 వారాల తర్వాత విషం తీసుకున్న గుంపుకే నొప్పి ఎక్కువ తగ్గింది. విషం తరఫున నాకు కనబడిన గట్టి సాక్ష్యం ఇదే. ఒక్క పరీక్షతో మందు నిలబడదు, ఇంకోచోట ఇంకెవరైనా చేసి చూడాలి. మరో మాట, అందులో వాడింది శుద్ధిచేసి కొలిచిన ఇంజెక్షన్, తేనెపట్టు నుంచి పట్టుకొచ్చిన ఈగ కాదు.

కీళ్లవాతం లెక్క ఇంకా పలచన. 2014లో సమీక్షకులు 304 పత్రాలు వడపోస్తే ప్రమాణాలకు నిలిచింది ఒక్కటి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు సంగతైతే తేలిపోయినట్టే. నెదర్లాండ్స్‌లో 26 మందికి 24 వారాలపాటు, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 20 ఈగల దాకా నేరుగా కుట్టించారు. 2005లో ఫలితం వచ్చింది: జబ్బు తగ్గలేదు, వైకల్యం తగ్గలేదు, నీరసమూ తగ్గలేదు. ఆరునెలలు అంతమంది అన్ని కాట్లు ఓర్చుకున్నందుకైనా విజ్ఞానం వాళ్లకు రుణపడి ఉంది.

లాభం పక్క అంకెలు ఇలా చిన్నవి, ఊగిసలాడేవి. నష్టం పక్క అంకెలు అలా లేవు. 2015 నాటి ఒక సమీక్ష 145 అధ్యయనాలు చూసింది. రోగుల్ని వెంబడించి నమోదు చేసిన వాటిలో దుష్ప్రభావాలు కనబడినవాళ్లు మధ్యస్థంగా 28.87 శాతం. ఉప్పునీటితో పోలిస్తే ముప్పు 3.61 రెట్లు. ఇందులో ఎక్కువభాగం దురద, వాపు, దద్దుర్లే. మిగిలిన కొద్దిలోనే అసలు భయం ఉంది.

2018లో ప్రచురితమైన ఒక స్పెయిన్ ఉదంతం చూడండి. కండరాలు పట్టేయడానికీ ఒత్తిడికీ 55 ఏళ్ల మహిళ ఒకరు నాలుగు వారాలకోసారి తేనెటీగలతో కుట్టించుకునేవారు. రెండేళ్లుగా ఏమీ కాలేదు. తర్వాత ఒకరోజు కుట్టగానే ఊపిరాడలేదు, స్పృహ తప్పింది. కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి అవయవాలు విఫలమై చనిపోయారు. అదే ఏడాది దక్షిణ కొరియాలో నడుంనొప్పికి ఈ ఇంజెక్షన్ తీసుకున్న ఒక ఉపాధ్యాయురాలు కూడా ప్రాణం పోగొట్టుకున్నారు.

'ఇన్నాళ్లుగా చేయించుకుంటున్నా, నాకేం కాలేదు' అన్న ధీమా ఈ విషం విషయంలో ఎందుకు పనికిరాదో ఫ్రాన్స్ తేనెటీగల పెంపకందార్ల మీద 1980ల్లో జరిగిన అధ్యయనం చెబుతుంది. ఏడాదికి 200కు మించి కుట్టించుకునేవాళ్లలో ఒళ్లంతా పాకే అలర్జీ కనబడలేదు. 25 కన్నా తక్కువ కుట్టించుకునేవాళ్లలో మాత్రం సుమారు 45 శాతం మంది తమకు అలా జరిగిందన్నారు. ఎక్కువ కాట్లకు ఒళ్లు అలవాటుపడుతుంది, అడపాదడపా కాట్లకు పగబడుతుంది. తేనెటీగలు పెంచేవాళ్లకి కీళ్లనొప్పులు రావంటూ వాళ్లను చూపించి మనకు అమ్మే వైద్యం నెలకోసారి, రెండు మూడు ఈగలతో సాగేది. అంటే లెక్కప్రకారం అది వాళ్లలోని ప్రమాదకరమైన గుంపు దారి.

ఇంతకీ తేనెటీగ విషం అనుమానానికి తావులేకుండా పనిచేసే చోటు ఒకటుంది. అది తేనెటీగ అలర్జీకే! దాని కథ తెలుసుకోదగ్గది. అలర్జీ ఉన్నవాళ్లకు దాదాపు అర్ధశతాబ్దం పాటు కీటకాల ఒళ్లంతా నూరి తీసిన సారాన్ని ఇంజెక్షన్లుగా ఇచ్చారు. డాక్టర్లు నమ్మారు, రోగులు బాగుందన్నారు. 1978లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ బృందం 59 మందిని మూడు గుంపులు చేసి, తర్వాత వాళ్లలో కొందరిని కావాలనే ఆసుపత్రిలో కీటకాలతో కుట్టించి చూసింది. ఉత్తుత్తి మందు గుంపులో 12 మందిలో ఏడుగురికి ఒళ్లంతా పాకే రియాక్షన్ వచ్చింది. నూరిన సారం గుంపులో 11 మందిలో ఏడుగురికి. శుద్ధమైన విషం తీసుకున్న 18 మందిలో ఒక్కరికి. యాభై ఏళ్ల నమ్మకం ఉత్తుత్తి మందుతో సమానమని అప్పుడు తేలింది.

ఈ చికిత్సలో మోతాదును మైక్రోగ్రాములో చిన్న భాగంతో మొదలుపెట్టి, పక్కన ప్రాణాంతక అలర్జీకి ఇచ్చే ఎడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుని, మెల్లగా 100 మైక్రోగ్రాములకు తీసుకెళతారు. తర్వాత మూడు నుంచి ఐదేళ్లు కొనసాగిస్తారు. వారాలు పట్టి చేరుకునే ఆ 100 దగ్గరికే, నేరుగా కుట్టించే వైద్యుడు మొదటి రోజు మొదటి ఈగతో చేరుకుంటాడు.

కొలిచిన ఇంజెక్షనైనా సరే, తీసుకోదలచినవాళ్లు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. కీటకం కాటు వల్ల వచ్చిన ప్రాణాంతక అలర్జీల్లో గుండె ఆగడానికి పట్టిన మధ్యస్థ సమయం 15 నిమిషాలని 2000లో బ్రిటన్‌లో వచ్చిన ఒక పరిశీలన తేల్చింది. అంబులెన్సుకి ఫోను చేసి, అది వచ్చేలోపే అయిపోవచ్చు. కాబట్టి ఎడ్రినలిన్ ఆ గదిలోనే ఉండాలి. మన మందుల దుకాణాల్లో దొరికే 1 మిల్లీలీటరు ఆంపూల్‌లో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. పెద్దవాళ్లకు గరిష్ఠంగా అందులో సగం, తొడ బయటివైపు కండరంలోకి. ఇది చేయడం తెలిసిన మనిషి అక్కడ లేకపోతే కుర్చీలో కూర్చోకుండానే లేచి వచ్చేయొచ్చు.

మోకాళ్లనొప్పులు మొదలయ్యే వయసులోనే బీపీ మాత్రలూ మొదలవుతాయి. అందులో అటెనొలోల్, మెటొప్రొలోల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లకి ఎడ్రినలిన్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లకీ గుండెజబ్బు ఉన్నవాళ్లకీ ముప్పు ఎక్కువ. చర్మ పరీక్షలో ఏమీ రాలేదంటే ఆ రోజుకు రాలేదనే అర్థం, ఆరో విడత తర్వాత సంగతి అది చెప్పదు. ఇక కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతూ, ఈగల వైద్యం మొదలుపెట్టి ఆ మాత్ర మానేస్తే, నొప్పి కాస్త తగ్గినట్టు అనిపించినా లోపల ఎముక అరుగుతూనే ఉంటుంది, అలా అరిగింది తిరిగి రాదు. డాక్టరు రాసిన మందులు వాడుతూ దీన్ని పక్కన చేర్చుకోవడం ఒక నిర్ణయం. వాటి బదులు దీన్ని పట్టుకోవడం వేరే నిర్ణయం. పైన చెప్పిన పరీక్షల్లో ఏ ఒక్కటీ ఈ రెండోదాన్ని సమర్థించదు.