నడుము వంచనక్కర్లేని ఇల్లు

వాకిట్లో ముగ్గేస్తుంటే అమ్మకి నడుము కలుక్కుమంటుంది. పట్టేసిందనుకుని ఏదో మందు రాయించుకుని పడుకుంటుంది. కొన్ని వారాలకి నొప్పి సర్దుకుంటుంది, ఇంట్లో అందరూ ఆ సంగతే మరిచిపోతారు. ఎప్పటికో ఎత్తు తగ్గినట్టు, వీపు గూనివారినట్టు కనిపించి ఎక్స్‌రే తీయిస్తే, వెన్నుపూస ఎప్పుడో నలిగిపోయిందని డాక్టరు చెబుతారు. ఎముకలు గుల్లబారినవాళ్లు జారిపడితే తుంటో, మణికట్టో విరుగుతుందన్న భయం అందరికీ ఉంది. వెన్నుపూస నలగడానికి పడనే అక్కర్లేదు. ముందుకు వంగి బరువెత్తినా చాలు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మన ఇంటిపని చూడండి, సగం నేలమీదే. చీపురు, కత్తిపీట, కళ్లాపి బకెట్, పంపు కింద బిందె, అడుగు అరలో కుక్కర్, మంచం కింద పెట్టె. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గిపోయి ఎముక వేగంగా పలచబడుతుంది. ఇంటి చాకిరీ మాత్రం ఆ వయసులోనూ తగ్గదు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఖాయం చేసింది. ఆ రిపోర్టు చేతికొచ్చిన రోజే మందులు కొంటాం. ఇంటిని మాత్రం ఉన్నది ఉన్నట్టే వదిలేస్తాం. మందులు తప్పనిసరే. వాటితోపాటు వంటిల్లూ సర్దాలని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

రోజూ వాడే గిన్నె ఏదైనా సరే నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. పైసా ఖర్చులేని మార్పు ఇది, అన్నిటికన్నా ముందు చేయాల్సిందీ ఇదే. 25 కిలోల బియ్యం బస్తాని ఎవరైనా ఒకరు చిన్న డబ్బాల్లోకి పోసి గట్టుమీద పెడితే అమ్మ నెలంతా వంగనక్కర్లేదు. 14.2 కిలోల గ్యాసుకి సిలిండర్ బరువూ కలిస్తే దాదాపు 30 కిలోలు. చక్రాల స్టాండు ఉన్నా దాన్ని జరిపే పని ఆవిడకి పెట్టొద్దు. అటకమీది సామాను కోసం స్టూలెక్కడం పూర్తిగా మానాలి. కత్తిపీట బదులు బల్ల దగ్గర కూర్చుని చాకుతో తరగొచ్చు. పొడుగు కర్రకి బిగించిన చీపురు, నిలబడే తుడిచే మాప్, నిలబడే ఎత్తే చెత్తచేట బజార్లో దొరుకుతాయి. కిందపడిన వస్తువు తీయడానికి పొడుగాటి పట్టుకర్ర ఉంటుంది. పిడి నొక్కితే కొస పటకారులా మూసుకుంటుంది. తాళంచెవి, మందు అట్ట, పేపరు లాంటివాటికే అది. బరువులకి పనికిరాదు. ముగ్గు మానేయమనడానికి మాత్రం నాకు మనసొప్పదు. వాకిలి సంగతి ఇంట్లో పిల్లలు చూసుకుని, తులసికోట గట్టుమీది చిన్న ముగ్గు ఆవిడకి వదలొచ్చు.

ఇక రాత్రి సంగతి. నిద్రమాత్రో, బీపీ మాత్రో వేసుకున్నవాళ్లకి చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. పక్కకి ఒత్తిగిలి, చేత్తో నెట్టుకుంటూ లేచి, అంచున కాసేపు కూర్చున్నాకే నిలబడాలి. కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. కుంగిపోయిన నవారు మంచం మీద ఇది కుదరదు, నవారు బిగించాలి, లేదా మంచమే మార్చాలి. మంచం నుంచి బాత్రూందాకా, మనిషి కదలగానే వెలిగే చిన్న లైట్లు పెట్టాలి. మరుగుదొడ్డి దొడ్లో ఉన్న ఇళ్లలో రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేయడం మేలు.

బాత్రూంలో కాలు జారితే చేయి తువ్వాలు కడ్డీ మీదికే పోతుంది. మనిషి బరువుకి అది ఊడి చేతిలోకొస్తుంది. పీల్చి అతుక్కునే రబ్బరు కప్పుల కడ్డీలనీ నమ్మొద్దు. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి, గోడలోకి బోల్టులతో బిగించిన కడ్డీలే ఉండాలి. మేస్త్రీకి ఒక్క పూట పని. స్నానం కూర్చునే చేయాలి. మామూలు ప్లాస్టిక్ స్టూలు తడి టైల్స్ మీద జారుతుంది, కాళ్లకి రబ్బరు తొడుగులున్నదే కొనాలి. చేతి షవరుంటే బకెట్లోకి వంగే పని తప్పుతుంది. కమోడ్ మరీ కిందికి ఉంటే, దానిమీద బిగించే ఎత్తు సీటు దొరుకుతుంది.

చేతులున్న గట్టి కుర్చీ ఒకటి ఇంట్లో తప్పక ఉండాలి. ఎముకల కోసం వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్రని పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. ఆ అరగంటకీ ఇదే కుర్చీ.

చేతికర్ర పట్టమంటే చాలామంది పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ముసలైపోయానని ఊరంతా అనుకుంటుందని బాధ. ఆ బాధని కొట్టిపారేయకూడదు, పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడాలి. కర్ర ఉంటే గుడికీ, మార్కెట్టుకీ ఒకరి మీద ఆధారపడకుండా వెళ్లొచ్చని వాళ్లకి అనిపించాలి. 60 ఏళ్లు దాటిన పేదలకి చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. కాన్పూరులోని అలింకో సంస్థ శిబిరాలు పెట్టి కొలతలు చూసి ఇస్తుంది. ఎక్కడ తీసుకున్నా సరే, చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదులుగా వేలాడేసినప్పుడు కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. ఒక కాలు బలహీనంగా ఉంటే కర్ర రెండోవైపు చేతిలో ఉండాలి. కింది రబ్బరు బుష్ అరిగితే వెంటనే కొత్తది వేయించాలి.