అద్భుతకథలలో నిషిద్ధప్రణయము

గడచిన కార్తికమాసమున నొకనాటి సాయంకాలము మా వరుసలోని యొక యిల్లాలు మా యింటికి వచ్చి, ఇచ్చిన కాఫీ యైనను ముట్టక, తన మనసులోని బాధ వెళ్లబోసికొనెను. "అక్కా, మా పిల్ల రాత్రి రెండు గంటల దాక ఫోన్ల కథలు చదువుతున్నది. ఏం కథలే అంటే నాగకన్య అంటది, గంధర్వుడు అంటది. అన్నీ చేసుకోగూడని ప్రేమలే. ఇంట్ల సంబంధాలు చూస్తున్నం. నువ్వు పెద్ద పుస్తకాలు చదివినదానివి, జర దానికి నచ్చజెప్పు." ఆమె పెనిమిటికి బాయిలో పని. గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి యనియే యందురు. ఆ వారము ఆయనకు రాత్రి షిఫ్టు. సంగతి ఆయన చెవిని బడకమున్నే సర్దుకొనవలెనని యామె తొందర.

మేము వెంటనే మాట యియ్యలేదు. చదువని కథను నిందించుట న్యాయము కాదు గనుక, ఆ పిల్లనే పిలిపించి, అవి యేవో మాకును చూపుమంటిమి. పది రాత్రులు మేమును చదివితిమి. ప్రక్కగదిలో పరీక్షపత్రములు దిద్దుచు మావారు మమ్ము చూచి నవ్వుకొనుట మా కెరుకయే.

ప్రతిలిపి వంటి చోట్ల తెలుగున వెలువడు కథలలో సర్పలోకపు కన్యలు, యక్షులు, శాపగ్రస్తులైన రాజకుమారులు మెండు. ఇంగ్లీషు నవలలును ఆ పిల్ల చదివినది. స్టెఫెనీ మేయరు 2005లో ప్రచురించిన 'ట్వైలైట్' అందొకటి. ఒక మానవకన్య నెత్తురు త్రావి బ్రదుకు జాతివానిని వలచును, వాడు తన దప్పికకు తానే వెరచి యామెకు దూరముగ నుండజూచును. సారా జె. మాస్ 2015లో ప్రకటించిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' అను నవలలో మానవుల నేలకును మాయాజాతివారి నేలకును నడుమ నిజముగ నొక గోడయే కలదు. వేటాడి యింటివారిని పోషించు పేదపిల్ల ఆ గోడ కావలికి కొనిపోబడి, తన్ను కొనిపోయినవానినే వలచును.

చదువుచున్నంతసేపును మాకు మా తాతగారు జ్ఞప్తికి వచ్చుచుండిరి. మా పదునాలుగవ యేట ఆయన మాకు మనుచరిత్రము చెప్పిరి. చెప్పుచు చెప్పుచు కొన్ని పద్యములను దాటవేసిరి. దాటవేసినవానినే మేము మొదట చదువుకొంటిమి.

అల్లసాని పెద్దన మార్కండేయపురాణమునుండి గైకొని పెంచిన ఆ కథ మన సోదరీమణులకు క్రొత్త కాదు. అరుణాస్పదపురమందలి ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపముతో హిమాలయమునకు పోవును. మంచునీట లేపము కరగిపోవును. ఇల్లు చేరు దారి తెలియదు. అచ్చట వరూథిని కనబడును. అతడు దారి యడుగును, ఆమె మనసు చెప్పును. అతనికి ఇల్లాలున్నది, అగ్నిహోత్రమున్నది. ఆమెయో దేవజాతి స్త్రీ. అతడు త్రోసివేసి, అగ్నిదేవుని వేడి యిల్లు చేరును. ఇంతవరకు బడిలో చెప్పుదురు. మన పాఠ్యపుస్తకములలో ఈ ఘట్టమునకు ఎన్నిమారులో చోటు దొరకినది. ప్రవరుని నిష్ఠను గూర్చి వ్రాయుమని ప్రశ్న యిత్తురు. వరూథినిని గూర్చి యడుగువారు తక్కువ. ఆమె కథ యంతతో ముగియలేదు. ఆమెచే మున్ను తిరస్కరింపబడిన గంధర్వుడొకడు ప్రవరుని రూపము దాల్చి వచ్చును. కన్నులు మూసికొనవలెనని వాడు నియమము పెట్టగా ఆమె యంగీకరించును. వాడే ప్రవరుడని నమ్మి వానితో కాపురము చేయును. ఆమెకు పుట్టిన స్వరోచి మనువునకు తండ్రి యగును. లోకమునకు మనువు దొరకెను గాని వరూథినికి తాను కోరినవాడు దొరకలేదు, దొరకలేదన్న సంగతియు తెలియలేదు.

తంజావూరి రఘునాథనాయకుని కొలువున చేమకూర వేంకటకవి వ్రాసిన విజయవిలాసములోని ఉలూచి యింతకంటె గట్టిది. ద్రౌపది విషయమున అన్నదమ్ములు చేసికొన్న కట్టడిని దాటినందున అర్జునుడు తీర్థయాత్రకు వెడలియుండెను. గంగలో స్నానమునకు దిగిన యాతనిని ఆ నాగకన్య పాతాళమునకు కొనిపోవును. వ్రతములో నున్నవాడనని యతడు వెనుదీయును. భారతమున ఆమె చెప్పు సమాధానము మాకు మిక్కిలి యిష్టము: నీ నియమము ద్రౌపది మాటకే గాని యితరులకు తగులదు, పైగా ఆర్తుల ప్రాణము నిలుపుటయు ధర్మమే కదా యనును. ఇంత తీరైన వాదము ప్లీడర్లు సయితము చేయజాలరు. అర్జునునకు మారు పలుకుటకు మిగిలినదేమియు లేదు.

ఇక పింగళి సూరన కళాపూర్ణోదయమున కలభాషిణి ద్వారకలో వేశ్యకన్యక. ఆమె కోరినది కుబేరుని కొడుకగు నలకూబరుని. అతడు రంభ ప్రియుడు. కలభాషిణి రంభ రూపము దాల్చి యతని యొద్దకు పోవును. తీరా చూడ నతడు నలకూబరుడు కాడు, ఆ రూపము తొడిగికొన్న మణికంధరుడు! పదునారవ శతాబ్దమున నింతటి చిక్కుముడి వేసిన సూరనకు నేటి నవలాకర్తలు నమస్కరింపవలెను. అది మరుజన్మమున గాని విడదు. కళాపూర్ణుడును మధురలాలసయునై పుట్టి వారిరువురు పెండ్లాడుదురు.

ఈ మువ్వురి యందును ముందు నోరు విప్పినది ఆడుదే. మేము చదివిన సాంసారిక నవలలలో ముందుగా వలపు చెప్పిన యాడుదానికి తుదిపుటలలో క్షయయో, నూయియో వ్రాసిపెట్టియుండును. అద్భుతకథలో ఆ దండన లేదు. ఆమె అప్సరస గదా, నాగిని గదా, ఆమె లోకపు రీతి యట్టిదని పాఠకుడు క్షమించును. పాఠకురాలు ఆ మాటున దాగి తన మనసు తాను వినును. నడుమనున్న గోడకు కవులు లోకభేదమని పేరు పెట్టిరి. ఇంటిలో దాని పేరేమో చదువు ఆడపిల్ల కెవ్వరును చెప్పనక్కరలేదు.

మా యూరిలో నీ సంగతి మరియు స్పష్టముగ దెలియును. 1889లో ఇల్లెందువద్ద మొదలైన సింగరేణివారి బొగ్గుపని గోదావరి యొడ్డునకు సాగివచ్చిన పిదప, పలు జిల్లాలనుండి పలు కులములవారు వచ్చి యిచ్చట నిలిచిరి. క్వార్టర్లలో గోడకు గోడ తగిలి యున్నది. ఒకే సైరనుకు లేతురు, ఒకే బాయి దిగుదురు, ప్రమాదమన్న మాట వినబడిన ఒకే తీరున పరుగెత్తుదురు. పెండ్లిమాట రాగానే ఎవరి కులము వారిది. ఆ యిండ్లలోనే ఒగ్గుకథ చెప్పించి, కొమురవెల్లి మల్లన్న బలిజ మేడలమ్మతో పాటు గొల్ల కేతమ్మను చేపట్టిన వైనమును భక్తితో విందురు. దేవునికి చెల్లినది తమ కొడుకునకు చెల్లదు.

చెల్లదన్నది వట్టి మాట కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, తనకంటె పైదనబడు కులపు పిల్లను పెండ్లాడినందులకు ఒక యువకుని, గర్భవతియైన భార్య చూచుచుండగా, ఆస్పత్రి వాకిట నరికి చంపిరి. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవశిక్షయు విధించెను. మా పొరుగింటి తల్లి కథలకు భయపడుట లేదు. ఆ వాకిలికి భయపడుచున్నది. ఉలూచి కథలో నెవ్వరును కత్తి పట్టరు. ఆడపిల్లలు రాత్రి రెండు గంటల దాక చదువుటకు ఇదియే కారణమని మా యభిప్రాయము. కోరికకు ఖరీదు శాపమో మరుజన్మమో యగుగాక, నెత్తురు కాని చోటు వారికి మరెక్కడ దొరకును?

పుస్తకము లాగికొన్నంత మాత్రమున కోరిక పోదని మన వారికి తెలిసియుండవలసినది. ముద్దుపళని రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయింపగా, అశ్లీలమని 1911లో ప్రభుత్వమువారు నిషేధించిరి. 1947లో గాని యా నిషేధము తొలగలేదు. అంతకాలమును మగవారు వ్రాసిన శృంగారప్రబంధములు విద్వత్సభలలో నిరాటంకముగ సాగుచునే యుండెను.

అట్లని క్రొత్త కథలన్నిటిని మేము మెచ్చుట లేదు. వానిలో పెక్కింట నాయకుడు చెప్పకయే వెంబడించును, ఆజ్ఞాపించును, ఆమె యెవరితో మాటాడినను మండిపడును. అదియంతయు గాఢప్రేమయని రచయిత్రి నమ్మబలుకును. రెక్కలున్నంత మాత్రమున మొరటుదనము మొరటుదనము కాకపోవునా? పాతకవులు ఈ విషయమున నిజాయితీపరులు. కోరినది దొరకునప్పుడు మోసము కూడ దొరకవచ్చునని దాపరికము లేక చెప్పిరి.

పదునొకండవనాడు తల్లిని, బిడ్డను కూర్చుండబెట్టి మేము చెప్పినది ఇంతియే. వరూథినికి భయపడకుడు, గంధర్వునికి భయపడుడు. ఒకరి పటము పెట్టుకొని, మరొకరి పేరు చెప్పుకొని ఫోనులో పలుకరించువాడు వాడే. కన్నులు మూసికొమ్మని, ఇంటిలో నెవ్వరికిని చెప్పవద్దని నియమము పెట్టువాడు వాడే. అట్టివాని మాట వచ్చిననాడు బిడ్డ పరుగెత్తుకొని వచ్చి చెప్పుకొనుటకు తల్లి మిగిలియుండవలెనన్న, నేడు కథల కొరకు తిట్టుట మానవలెను. ఫోను లాగికొనిన, ఆ పిల్ల చదువుట మానదు, చెప్పుట మానును.

పిల్ల తల వంచుకొని కొంతసేపు కూర్చుండి, "పెద్దమ్మా, ఆ గంధర్వుడు పోయినంక వరూథినికి ఎప్పటికన్న తెలిసిందా, వాడు వాడు కాదని?" అని యడిగెను. తెలిసినట్లు పెద్దన చెప్పలేదంటిమి.

"మరి తెలిస్తే ఎవరికి చెప్పుకునేది?" ఈ ప్రశ్న తల్లి యడిగినది.

మా యొద్దనున్న మనుచరిత్రము టీకతో గూడిన పాతప్రతి. దానిని పిల్లకిచ్చి పంపవలెనని తీసియుంచితిమి. పోవునప్పుడు తల్లియే దానిని చేత బట్టుకొని పోయినది. నెల దాటినది; ఇంకను తిరిగి రాలేదు.