కడపటి శత్రువు

చెన్నై నుండి విజయవాడకు పోయే రైలుమార్గంలో, ఒంగోలుకు ముందు వచ్చే స్టేషనులలో సింగరాయకొండ ఒకటి. ఊరికి పేరు ఇచ్చినది కొండ. కొండకు పేరు ఇచ్చినవాడు సింగరాయడు, అనగా నరసింహుడు. పాత సింగరాయకొండ గుట్టమీద వెలసిన దేవుని వరాహ లక్ష్మీనరసింహస్వామి అని పిలుస్తారు. ఆ ఒక్క పేరులో రెండు యుద్ధాలు ఇమిడి ఉన్నవి. వరాహమూర్తి హిరణ్యాక్షుని సంహరించినాడు. నరసింహమూర్తి అతని సోదరుడైన హిరణ్యకశిపుని సంహరించినాడు. మొదటిది బలానికి బలం ఎదురైన పోరు. రెండవ పోరులో బలం ఒక్కటే చాలదు.

ఎందుకు చాలదో బడిపిల్లలందరికీ తెలిసినదే. మనిషి చేత గాని మృగం చేత గాని, పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేలమీద గాని నింగిలో గాని, ప్రాణమున్న ఆయుధంతో గాని ప్రాణం లేనిదానితో గాని తనకు చావు ఉండరాదని హిరణ్యకశిపుడు వరం కోరినాడు. దస్తావేజు వ్రాయించుకొనే షావుకారు కూడ అంత జాగ్రత్త పడడు. ఐతే జంటలు జంటలుగా పేర్చిన ఆ మాటల నడుమ సన్నని సందులు మిగిలినవి. పగటికీ రాత్రికీ నడుమ సంధ్య ఉన్నది. ఇంటికీ వాకిలికీ నడుమ గడప ఉన్నది. నేలకూ నింగికీ నడుమ తొడ ఉన్నది. నరసింహుడు ఆ సందులలో నిలిచినవాడు. ఇది యుద్ధకథ కావటానికి ముందు చిక్కుప్రశ్న కథ.

ఈ సీమకు ఆ కథతో సాహిత్య బాంధవ్యం కూడ ఉన్నది. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎఱ్ఱాప్రగడ, నృసింహపురాణాన్ని రచించి అహోబల నరసింహునికి అంకితం చేసినాడు. ఆయన కందుకూరు ప్రాంతపు గుడ్లూరు వాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆ గుడ్లూరు సింగరాయకొండకు ఎంతో దూరం కాదు.

ఇప్పుడు ఆ కొండ క్రింద బడి వదలిన పిల్లవాడు ఫోను చేతబట్టి ఏ అరుగుమీదనో కూర్చుంటే, అతని నోట తరచు వినిపించే మాట ఒకటి ఉన్నది: ‘బాస్’. ఆఫీసులో అధికారి కాదు. వీడియో ఆటలో కోటలన్నీ దాటి, సొరంగాలన్నీ గాలించి, చిట్టచివరి గదిలోకి అడుగుపెట్టగా ఎదురయ్యే కడపటి శత్రువు. ఉపాధ్యాయులకు ఆ మాట వినగానే కలిగే విసుగు అన్యాయమైనదేమీ కాదు. పరీక్షల కాలంలో ఆ గది ముందు ఎన్ని గంటలు కరగిపోతాయో వారికి తెలుసు. కాని ఆ గదిలో ఏమి జరుగుతుందో ఒకసారి తొంగిచూస్తే, అక్కడ పరిచయమున్న ముఖమే కనిపిస్తుంది.

ఈ బాస్ పుట్టిన ఇల్లు ఏదని విచారిస్తే నవ్వు రాకమానదు. అది పాఠాలు చెప్పటానికి కట్టిన కంప్యూటర్. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు విద్యాబోధన కోసం ‘ప్లేటో’ అనే యంత్రవ్యవస్థను నిర్మించినారు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేసినారు. బల్లచుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక వీరుని పాత్ర ధరించి ఆడే ఆట అది. మరుసటి ఏడే అది ప్లేటోలోకి ప్రవేశించినది. రస్టీ రూథర్‌ఫర్డ్ వ్రాసిన ఆటకు ‘పెడిట్5’ అని పేరు. పాఠం దాచుకొనే అర వలె కనిపించటానికి ఆ పేరు. యంత్రాన్ని కాపాడేవారు కనిపెట్టి తుడిచివేసేవారు. ఆట మళ్ళీ తలయెత్తేది. తరగతిలో పాఠ్యపుస్తకం నడుమ కథల పుస్తకం దాచుకొన్న వారెవరికైనా ఈ విద్య కొత్త కాదు. ఆ కాలంలోనే గేరీ విసెన్‌హంట్, రే వుడ్ అనే విద్యార్థులు ‘డిఎన్‌డి’ అనే ఆటను వ్రాసినారు. అందులో నేలమాళిగల అడుగున ఒక మహిమగల గోళం ఉన్నది. దానికి కాపలాగా ఒక బంగారు డ్రాగన్ ఉన్నది. వీడియో ఆటల చరిత్ర వ్రాసినవారు తొలి బాస్‌గా సాధారణంగా చెప్పుకొనేది ఆ డ్రాగన్‌నే.

ఐతే కడపటి శత్రువుతో పోరు ఎలా ఉండవలెనో లోకానికి నేర్పినది జపాను. 1986 మే 27న ఎనిక్స్ సంస్థ ‘డ్రాగన్ క్వెస్ట్’ను విడుదల చేసినది. రూపకల్పన యూజీ హోరీది, బొమ్మలు అకిరా తోరియామావి, సంగీతం కోయిచి సుగియామాది. ఆట మొదలయ్యేది రాజు కొలువుకూటంలో. వీరుడు కోట వెలుపలికి వచ్చి నాలుగడుగులు వేయగానే, సన్నని జలసంధికి ఆవల మరొక కోట కనిపిస్తుంది. అది డ్రాగన్ రాజు కోట. శత్రువు ఇల్లు మొదటి నిమిషంలోనే కంటి ఎదుట ఉన్నది. చేరటానికి మాత్రం లోకమంతా చుట్టిరావలెను. రామాయణం చదువుకొన్నవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. వారధి కట్టనిదే లంక అందదు. ఇక్కడి వారధికి కావలసినవి రాళ్ళు కావు. సూర్యశిల, వర్షదండం, పూర్వవీరుడైన రోటో చిహ్నం అనే మూడు వస్తువులు మూడు మూలల దాగి ఉంటాయి. అవి సంపాదించినవానికి ఇంద్రధనుస్సు వంతెన లభిస్తుంది. ఎండకు వాన తోడైతే ఇంద్రధనుస్సు పుడుతుందన్న ఐదవ తరగతి పాఠం ఇందులో ఉన్నది.

ఆట పొడుగునా వీరునికి తోడు ఎవరూ లేరు. దారిలో మృగాలతో, భూతాలతో పోరాడి అనుభవం కూడబెట్టుకొంటే ఒక్కొక్క మెట్టు పైకి ఎక్కుతాడు. ఇరవయ్యవ మెట్టు దరిదాపులకు రానిదే కడపటి గదికి పోవటం సాహసం కాదు, తొందరపాటు. అన్నిటికంటె చిత్రమైన సంగతి, రోటో ఖడ్గం దొరికేది శత్రువు కోటలోనే. తన చావుకు సాధనాన్ని తన పెట్టెలోనే పెట్టుకొని కూర్చున్నాడు డ్రాగన్ రాజు. హిరణ్యకశిపునికీ స్తంభం ఉన్నది తన సభలోనే, ఎదిరించిన కొడుకు ఉన్నది తన ఇంట్లోనే.

గదిలోకి పోగానే యుద్ధం మొదలు కాదు. డ్రాగన్ రాజు ముందు బేరం పెడతాడు: నా పక్షం చేరితే లోకంలో సగం నీకు ఇస్తానంటాడు. ఔనా, కాదా అన్నదే ప్రశ్న. ఉబలాటానికి ఔననే పిల్లలు ఏ దేశంలోనైనా ఉంటారు. ఔనన్న మరుక్షణం ఆట చీకటిలో ముగిసిపోతుంది. కాదన్నవానితో ఆ మాంత్రికుడు పోరాడి, ఓడి, వెంటనే అసలు రూపం చూపుతాడు; పెద్ద డ్రాగన్ అవుతాడు. ఇక్కడ నేర్చిన మంత్రాలు దాదాపు పనిచేయవు. ఖడ్గంతో కొట్టటం, ఒళ్ళు నలిగినప్పుడు చికిత్సామంత్రం చదువుకొనటం, ఈ రెండే మిగులుతాయి. లెక్క తెలిసినవాడు ఇక్కడ గెలుస్తాడు. శత్రువు ఒక్క ఊదుతో ఎంత ప్రాణం తీస్తాడో, తనలో ఎంత మిగిలి ఉన్నదో చూచుకొని, ఆ మిగులు ప్రమాదపు గీతను తాకకముందే కోలుకొనవలెను. ఇంకొక్క దెబ్బ కొడితే చాలునన్న ఆశతో చికిత్స మానుకొన్నవాడు ఆ ఆశతోనే పడిపోతాడు. తీసివేతల లెక్క ఇంత ఏకాగ్రతతో చేసిన విద్యార్థిని పలకమీద చూడటం అరుదు.

పడిపోతే ఏమవుతుంది? వీరుడు మళ్ళీ రాజు సన్నిధిలో కళ్ళు తెరుస్తాడు. రాజు మందలిస్తాడు. సంచిలో ధనం సగం పోయి ఉంటుంది. అనుభవం మాత్రం ఒక్క పాలు కూడ తగ్గదు. హోరీ పెట్టిన ఈ నియమం అన్ని ఆటలలోనూ లేదు. చాలా ఆటలలో ఓడినవాడు చేసినదంతా పోగొట్టుకొంటాడు. పిల్లల ఓటమికి ఎంత వెల కట్టవలెనో ఆ నియమం వ్రాసినవానికి తెలిసినట్టున్నది. మార్కుల కాగితాలు పంచే చోట ఈ లెక్క ఎప్పుడూ ఇలా ఉండదు.

1987 డిసెంబరు 18న స్క్వేర్ సంస్థ విడుదల చేసిన ‘ఫైనల్ ఫాంటసీ’లో పోరు పద్ధతి వేరు. దీని రూపకర్త హిరోనోబు సకగూచి. ఇందులో వీరులు నలుగురు. నేల, నిప్పు, నీరు, గాలి అనే నాలుగు భూతాలను చెరపట్టిన నలుగురు రాక్షసులను వరుసగా జయించవలెను. ఆట మొదట్లో శిథిలాలయంలో గార్లండ్ అనే ద్రోహి రాజకుమార్తెను చెరపడతాడు. అతనిని ఓడించటం పెద్ద కష్టం కాదు. విడిపించినందుకు ఆమె ఒక తంత్రీవాద్యం బహూకరిస్తుంది. అది ఎందుకో అప్పుడు ఎవరికీ తెలియదు. చివరకు వీరులు అదే ఆలయంలో 2000 సంవత్సరాలు వెనుకకు పోతారు. లోపలి దారికి అడ్డుపడ్డ రాతిపలకను తొలగించేది ఆ తంత్రీవాద్యమే. మొదటి పాఠాన్ని మరచినవారికి కడపటి పాఠం అందదు. లోపల ఆ నలుగురు రాక్షసులూ తిరిగి ఎదురవుతారు. నడుమ ఆటను పదిలపరచుకొనే వీలు లేదు. అందరినీ దాటిన తరువాత ఉన్నవాడు గార్లండే, కేయాస్ అనే మహారాక్షసుడై.

తొలి ఆటలో కేయాస్ ప్రాణబలం 2000. అది పెద్ద అంకె కాదు. కాని యుద్ధం సాగదీస్తే అతడొక చికిత్సామంత్రం చదివి, తగిన దెబ్బలన్నీ మాన్పుకొని మొదటివలె నిలుస్తాడు. గంట శ్రమ ఒక్క క్షణంలో బూడిద అవుతుంది. డ్రాగన్ రాజును గెలిపించిన ఓపిక ఇక్కడ కొరగాదు. మాంత్రికుడు వేగాన్నిచ్చే మంత్రాన్ని యోధులపై వేసి, వారి దెబ్బల సంఖ్య పెంచి, ఆ రాక్షసుడు కోలుకొనే వంతు రాకముందే ముగించవలెను. ఒక పరీక్షకు బట్టీపట్టిన సమాధానం మరొక పరీక్షకు పనికిరాదని చెప్పటానికి ఉపాధ్యాయులు ఎన్ని మాటలో ఖర్చు చేస్తారు. ఈ రెండు ఆటలూ ఆడినవానికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

వరానికి విరుగుడు అన్న భావం అచ్చంగా కనిపించేది ‘డ్రాగన్ క్వెస్ట్’ మూడవ భాగంలో. బరమోస్ అనే రాక్షసుడే కడపటివాడని అందరూ నమ్ముతారు. అతడు పడి, ఊరేగింపులు మొదలైన తరువాత తెలుస్తుంది, వెనుక జోమా అనే అసలువాడు ఉన్నాడని. జోమా చుట్టూ చీకటి కవచం ఉన్నది. డ్రాగన్ రాణి ఇచ్చిన వెలుగుగోళాన్ని యుద్ధం నడుమ ఎత్తి చూపితే ఆ కవచం విచ్చిపోతుంది. లేనిచో అతనిని తట్టుకొనటం మహాకష్టం. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల ఆవల చిలుకలో ఉన్నదని విని పెరిగిన తెలుగువారికి ఇది పుట్టింటి కథ. కత్తికి లొంగనివాని రహస్యం మరొకచోట ఉంటుంది. అది ఎక్కడో తెలుసుకొన్నవాడే బాలవర్ధిరాజు.

ఆ మూడవ భాగం 1988 ఫిబ్రవరి 10న, బుధవారం నాడు, విడుదలైనది. జపానులో దుకాణాల ముందు బారులు తీరినవారిలో బడి ఎగ్గొట్టిన పిల్లలు చాలమంది ఉండగా పోలీసులు పట్టుకొన్నారు. దరిమిలా ఆ వరుస ఆటలను సెలవు దినాలలో విడుదల చేయటం వాడుకైనది. జపాను ప్రభుత్వం ఇందుకు చట్టమే చేసినదని నేటికీ చెప్పుకొంటారు గాని, అది కట్టుకథ.

కడపటి శత్రువు పడిన తరువాతి ఘట్టాన్ని చాలమంది ఆటగాళ్ళు తొందరలో సరిగా చూడరు. మొదటి ‘డ్రాగన్ క్వెస్ట్’లో డ్రాగన్ రాజు చచ్చిన తరువాత ఆట ఆగిపోదు. వీరుడు కాలినడకన రాజు కోటకు తిరిగి రావలెను. ఇన్నాళ్ళూ అడుగడుగునా మీదపడిన భూతాలలో ఒక్కటి కూడ ఎదురుకాదు. దారి అంతా నిశ్శబ్దంగా ఉంటుంది. చేతిలో రోటో ఖడ్గం ఉన్నది. కొట్టటానికి ఎవరూ లేరు.

ప్రహ్లాదుని కథలో ఆ ఘట్టం ఇంత సులువుగా గడవదు. గడపమీద పని ముగిసినా నరసింహుని ఆగ్రహం ముగియలేదు. దేవతలు దూరాన నిలిచి స్తుతించినారు. లక్ష్మీదేవి సైతం దగ్గరకు పోవటానికి వెనుదీసినది. అప్పుడు బ్రహ్మ ఒక బాలుని ముందుకు పంపినాడు. అతడు చండామార్కుల బడిలో చెప్పిన పాఠం చెప్పినట్టు అప్పగించలేక తండ్రి చేత తిట్లు తిన్న విద్యార్థి. చేతిలో ఆయుధం లేదు. నెత్తురు ఆరని ఆ గోళ్ళ దగ్గరకు మెల్లగా నడిచిపోయి, నేలమీద సాగిలపడినాడు. సింహం తన చేతిని అతని తలమీద ఉంచినది.