ఎండిపోలేదు.. ముడుచుకుంది! రాతి నెర్రెల్లో మయూరశిఖ

స్టేషన్ ఘన్‌పూర్: వేసవిలో రాతిగుట్ట ఎక్కితే బండల నెర్రెల్లో గోధుమరంగు కుచ్చులు కనిపిస్తాయి. ఎండిన గడ్డి అనుకుని పీకేసేవారు, నిప్పు పెట్టేవారు ఉంటారు. వాటిలో కొన్ని గడ్డి కావు, చనిపోనూ లేదు. తొలకరి పడగానే విచ్చుకుని మళ్లీ పచ్చబడే ఫెర్న్ జాతి మొక్కలవి. పేరు మయూరశిఖ. శాస్త్రీయ నామం ఆక్టినియోప్టెరిస్ రేడియేటా. తెలంగాణ గుట్టలతో పాటు శ్రీలంక, అరేబియా, ఆఫ్రికాల్లోనూ ఇది పెరుగుతుంది.

గుర్తించడం ఇలా..

మొక్క సాధారణంగా జానెడుకు మించదు. సన్నని కాడ చివర ఆకు విసనకర్రలా ఉంటుంది. ఒక్కో చీలిక మళ్లీ రెండుగా చీలుతూ పోవడంతో బుల్లి తాటాకును తలపిస్తుంది. నెమలి తలపై కుచ్చులా ఉన్నందునే మయూరశిఖ అన్నారు. తాటి, ఈత మొలకల తొలి ఆకులకు ఈ చీలికలుండవు, కత్తిలా నిలువుగా ఉంటాయి. ఫెర్న్‌కు పూత, కాయ, గింజ ఉండవు. ముదిరిన ఆకును తిరగేస్తే చీలికల అంచుల వెంట సిద్ధబీజాల గోధుమరంగు గీతలు కనిపిస్తాయి.

పేరొక్కటే చాలదు

కోడిజుట్టు పూల మొక్కనూ కొందరు మయూరశిఖ అంటారు. సంజీవని పేరుతో అమ్మే సెలాజినెల్లా కూడా ఎండకు ముడుచుకుని తడికి విచ్చుకుంటుంది. అయితే అది ఉండలా చుట్టుకుంటుంది. దాని ఆకులు పొలుసుల్లా చిన్నవి, విసనకర్ర ఆకారం ఉండదు. ఆయుర్వేదంలో మయూరశిఖ ప్రస్తావన ఉన్నా, గుట్టపై దొరికిన మొక్కను వైద్యుల సలహా లేకుండా వాడరాదు.

చావదెందుకు?

చాలా మొక్కల ఆకుల్లో నీరు బాగా తగ్గితే కణాలు దెబ్బతిని చనిపోతాయి. మయూరశిఖ నీటిని కోల్పోయినా ఎదుగుదల ఆపి, ఆకు ముడుచుకుని వేచి ఉంటుంది. ముడత వల్ల ఆకుకు ఎండ తక్కువ తగులుతుంది. నేల పలుచగా ఉన్న బండలపై అది నిలదొక్కుకునేది అందుకే.

నెర్రె పోతే మొక్క పోయినట్టే

కరవుకు తట్టుకునే ఈ మొక్క పెకలింపునకు తట్టుకోదు. సిద్ధబీజం మొలిచి ఏర్పడే చిన్న పచ్చని పొరపై నీటి తడి ఉంటేనే ఫలదీకరణ జరుగుతుంది. అంటే కొత్త మొక్క పుట్టాలంటే వానతో పాటు తడి నిలిచే నీడ నెర్రె కావాలి. బండలు పగలగొడితే ఆ చోటే మాయమవుతుంది. వేళ్లతో సహా పీకితే ఆ నెర్రెలో మళ్లీ మొలవడానికి ఏళ్లు పట్టవచ్చు. అందుకే వేసవిలో కనిపించే గోధుమరంగు కుచ్చును పీకే ముందు కొద్దిగా నీళ్లు చల్లి, మర్నాడు వచ్చి చూడటం మేలు.